కొవ్వొత్తి డైల మీద తెల్ల పొడి: అల్యూమినియం అచ్చుల్ని కాపాడుకునే పద్ధతి

ఇళ్లలో కొవ్వొత్తులు పోసేవాళ్ల దగ్గర కనిపించే డైలు చాలావరకు అల్యూమినియంవే. రెండు పలకలు, వాటిలో వరసగా గాళ్లు, అడుగున వత్తి దారం దూరే రంధ్రాలు, పక్కన బిగించుకునే బోల్టులు, వింగ్ నట్లు. దీపావళికి ముందు పని మొదలుపెడితే క్రిస్మస్ మీదుగా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాల దాకా చేతినిండా పనే. ఆ తర్వాత ఎండాకాలం, వానాకాలం మొత్తం డై అటక మీదే ఉంటుంది. మళ్లీ దించేసరికి గాళ్లలో తెల్లటి పొడి, బూడిదరంగు మరకలు, వేలితో తడిమితే తగిలే సన్నటి గుంటలు. ఆ డైలో తెల్ల కొవ్వొత్తి పోస్తే ఒంటినిండా చారలు పడతాయి. గుంట ఉన్నచోట మైనం పట్టుకుని, ఊడదీసేటప్పుడు కొవ్వొత్తి పెచ్చు లేస్తుంది.

చాలామంది దీన్ని ఇనుము తుప్పుతో సమానంగా చూసి, పీచుతో తళతళలాడేదాకా తోముతారు. అల్యూమినియం విషయంలో అది తిరగబడే వైద్యం. దానికి మనం చేయాల్సింది వేరే ఉంది.

ఆక్సైడ్ పొరతో గొడవ లేదు

అల్యూమినియానికి గాలి తగిలిన క్షణంలోనే పైన ఆక్సైడ్ పొర కడుతుంది. గీరినా, తోమినా, కొత్తగా మెషినింగ్ చేసినా అంతే. ఆ పొర మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే, కంటికి కనబడదు. ఇనుము తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది, ఇది రాలదు. కింది లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని నీటినీ గాలినీ లోపలికి పోనివ్వదు. డైకి ఉన్న అసలు రక్షణ ఇదే. దాన్ని తోమి తీసేయాలని చూడడంవల్ల లాభం ఏమీ లేదు.

ఈ పొర పీహెచ్ 4 నుంచి 8.5 మధ్య నిలకడగా ఉంటుంది. అంతకన్నా ఆమ్లం పెరిగినా కరుగుతుంది, క్షారం పెరిగినా కరుగుతుంది. నీళ్లలో ఉప్పు ఉంటే, అంటే క్లోరైడ్ ఉంటే, పొర ఎక్కడో ఒకచోట సూదిమొనంత చిల్లు పడి, అక్కడి నుంచి లోహం లోపలికి తొలిచేస్తుంది. అలా కరిగిన అల్యూమినియం నీళ్లతో కలిసి హైడ్రాక్సైడ్‌గా పైకి తేలుతుంది. మనం చూసే తెల్ల పొడి అదే. కాబట్టి ఆపాల్సింది ఆక్సైడ్‌ని కాదు, డై మీద నిలిచిపోయే తడిని, ఉప్పుని, సోడాని.

ముందు ఆ తెలుపు ఏమిటో తేల్చుకోవాలి

డై మీద తెల్లగా కనిపించేదంతా తుప్పు కాదు. మూడు రకాలు ఉంటాయి, మూడింటికీ మందు వేరు. పాత బనీను గుడ్డ కొసకి రెండు చుక్కలు మినరల్ టర్పెంటైన్ (పెయింటు పలచన చేసే ద్రావకం) అంటించి, చల్లగా ఉన్న డై మీద ఒకచోట రుద్దండి. తెలుపు పోయి గుడ్డకి జిడ్డు అంటితే అది మైనమో, కొవ్వొత్తి గట్టిపడడానికి మైనంలో కలిపే స్టియరిక్ యాసిడ్ పొరో. ఇంకేమీ చేయక్కర్లేదు. పోకపోతే అక్కడ ఒక చుక్క తెల్ల వెనిగర్ వేసి దగ్గరగా చూడండి. సన్నటి బుడగలు గబగబా లేస్తే అది బోరు నీళ్లు వదిలిన సున్నపు పొక్కు. బుడగలు రాకుండా, గోరుతో గీరితే పొడిగా లేచి, కింద మసకబారిన గుంట కనబడితే అదే అల్యూమినియం హైడ్రాక్సైడ్.

నల్లటి మరక వేరే సంగతి. అల్యూమినియం గిన్నెలో నీళ్లు మరిగిస్తే లోపల నల్లబడడం అందరూ చూసే ఉంటారు, డై మీద కూడా అదే జరుగుతుంది. వేడి నీళ్లలో ఆక్సైడ్ పొర కాస్త మందం పెరిగి, నీటిలోని ఇనుము, ఇతర లవణాలు అందులో చిక్కుకుని నల్లగా కనిపిస్తాయి. చూడ్డానికి బాగోకపోయినా డైకి దానివల్ల నష్టం తక్కువ. కొవ్వొత్తికి రంగు అంటుకోనంతవరకు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కొత్త డైలో తెల్ల గుడ్డ పెట్టి తుడిస్తే నల్లగా వచ్చేది మళ్లీ ఇంకోటి: మెషినింగ్, పాలిష్ పనుల్లో మిగిలిన సన్నటి లోహపు రజను. దానికి భయపడక్కర్లేదు. టర్పెంటైన్‌తో తుడిచి, పాత మైనంతో రెండు మూడు సార్లు పోసి తీసేస్తే ఆ కొవ్వొత్తులే మసిని ఎత్తుకుపోతాయి.

డైలు పాడయ్యేది ఎక్కడ

ఎక్కువ డైల్ని నాశనం చేసేది బట్టల సోడా. గాళ్లలో గడ్డకట్టిన మైనం వదలడానికి నీళ్లలో సోడా వేసి డైని మరిగించే అలవాటు ఉంది. మైనం తేలిగ్గా పోతుంది, నిజమే. కానీ ఆ నీళ్ల పీహెచ్ 11 చుట్టుపక్కల ఉంటుంది. ఆక్సైడ్ పొర కరిగిపోయి, అల్యూమినియం నేరుగా నీటితో చర్య జరిపి హైడ్రోజన్ వదులుతుంది. మరుగుతున్న నీళ్లలో డై ఒంటి నుంచి సన్నగా లేచే బుడగలు అవే. పాలిష్ పోయి డై తెల్లబోతుంది. ఇలా పదేపదే మరిగిస్తే గాళ్ల అంచులు మొద్దుబారతాయి. కాస్టిక్ సోడా, సున్నపు నీళ్లు, కట్టెల బూడిద, సోడా కలిసిన గిన్నెల సబ్బు బిళ్లలు అన్నీ ఈ కోవలోవే. బాత్‌రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

రెండోది చల్లార్చే తొట్టి. పోత పోశాక డైని నీళ్ల తొట్టిలో దించుతాం. ఆ నీళ్లు ఏ రకమో ఎవరూ పట్టించుకోరు. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 క్లోరైడ్‌ని లీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా అంగీకరిస్తుంది, వేరే వనరు లేకపోతే 1000 దాకా అనుమతిస్తుంది. మనిషికి ఫర్వాలేదనుకున్న ఆ నీళ్లు అల్యూమినియానికి ఫర్వాలేదని కాదు. తీరప్రాంతాల్లో బోరు నీళ్లు ఉప్పదనం తేలినవైతే తొట్టిలో పోయనే వద్దు. నీటిలో కరిగిన లవణాల్ని కొలిచే చిన్న టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కుని 150 లోపు చూపించే నీళ్లు వాడండి. వాన నీళ్లు, ఆర్వో నీళ్లు రెండూ బాగానే పనికొస్తాయి. తొట్టి నీళ్లు ఆవిరైనకొద్దీ మళ్లీ పోస్తూ పోతే ఉప్పు ఆ నీళ్లలోనే పేరుకుంటుంది కాబట్టి, తరగగానే నింపడం కాకుండా వారానికోసారి పూర్తిగా పారబోసి మార్చండి. అపార్ట్‌మెంట్లలో సంపు కడిగి బ్లీచింగ్ వేసిన రోజు ఆ నీళ్లు పట్టకండి.

తొట్టి ప్లాస్టిక్‌దైతే మంచిది. ఇనుప తొట్టి ఉంటే అడుగున ప్లాస్టిక్ జల్లెడ పలక వేసి డైని దాని మీద నిలబెట్టాలి. రాగి, ఇత్తడి గంగాళంలో అల్యూమినియం డై దించడం మాత్రం ఎప్పటికీ తగదు. నీటిలో కొద్దిగా కరిగిన రాగి చాలు, అది అల్యూమినియం మీద సన్నటి మచ్చలుగా పేరుకుని, ఒక్కో మచ్చ చుట్టూ గుంట తవ్వుతుంది. గంగాళం డైకి తగలకపోయినా ఇది జరుగుతుంది.

బోల్టుల దగ్గర కూడా ఇదే కథ. తడి ఉన్నచోట రెండు వేరు లోహాలు ఆనుకుంటే వాటిలో తేలిగ్గా చర్య జరిపే లోహం కరుగుతుంది. ఇత్తడి గైడ్ పిన్ను (పలకలు రెండూ సరిగ్గా కూర్చునేలా చేసేది) ఉన్న డైని ఊడదీసి చూస్తే పిన్ను చుట్టూ తెల్లటి ఉంగరం కనబడుతుంది. దాన్ని అగ్గిపుల్లతో గీకితే పొడి రాలి, పిన్ను మొదట్లో గిన్నెలాంటి గుంట బయటపడుతుంది. స్టియరిక్ యాసిడ్ ఎక్కువ కలిపేవాళ్ల దగ్గర ఇత్తడి పచ్చబడి, ఆ పచ్చ రంగు కొవ్వొత్తి అంచుకి కూడా అంటుతుంది. ఇత్తడి పిన్నుల బదులు ఎస్‌ఎస్ 304 పిన్నులు వేయించుకోండి. స్టెయిన్‌లెస్ పక్కన కూడా కరిగేది అల్యూమినియమే గానీ, పెద్ద డైలో చిన్న బోల్టు కాబట్టి నష్టం చాలా మెల్లగా జరుగుతుంది. జింకు పూత ఉన్న మామూలు బోల్టులు పూత ఉన్నన్నాళ్లు ఇంకా మేలు, ఎందుకంటే ముందు జింకే కరుగుతుంది. ఏదైనా సరే, బోల్టు తల కింద నైలాన్ వాషర్, మరలకి కాస్త గ్రీజు. సీజన్ అయిపోగానే బోల్టులు ఊడదీసి విడిగా పెట్టడం అన్నిటికన్నా సులువైన పని.

మూడోది వత్తి రంధ్రం, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. వత్తి దారాన్ని సొంతంగా తయారుచేసుకునేవాళ్లు దాన్ని ఉప్పు, బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెడతారు. బొగ్గు కట్టకుండా కాలడానికి అది అవసరమే. కానీ ఆ దారం పూర్తిగా ఎండకుండా డైలోకి ఎక్కిస్తే, రంధ్రం దగ్గర ఉప్పునీళ్లు దిగి అక్కడే ఉండిపోతాయి. గాళ్లన్నీ శుభ్రంగా ఉండి, రంధ్రాల చుట్టూ మాత్రమే గుంటలు పడిన డైని చూస్తే కారణం ఇదేనని అనుకోవచ్చు. దారం రెండు రోజులు ఎండలో ఆరాలి, ఆపైన కరిగిన మైనంలో ఒకసారి ముంచి తీసి తిన్నగా లాగి ఆరబెట్టాలి, అప్పుడే డైకి ఎక్కించాలి. పని అయ్యాక రంధ్రంలో దారం ముక్క మిగిలిపోకూడదు. అది తడిని పీల్చి నెలల తరబడి అక్కడే పట్టి ఉంచుతుంది.

ఇక చల్లటి డైకి పట్టే చెమట. వానాకాలంలో గది 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి, 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ లోహం మీదైనా నీటి చుక్కలు కడతాయి. తొందరగా చల్లారాలని తొట్టిలో ఐసు వేసేవాళ్ల డైలు లోపలా బయటా చెమర్చేది ఇందుకే. ఆ చెమ్మ డైని పాడుచేయడమే కాదు, తర్వాతి పోతలో వేడి మైనం తగలగానే ఆవిరై కొవ్వొత్తి మీద సూది గుంటలు పెడుతుంది. తొట్టి నీళ్లు గది వేడికి రెండు మూడు డిగ్రీల లోపు తేడాతో ఉంటే చాలు. ఐసు మానేయండి.

శుభ్రం చేయడం

సీజన్ అయ్యాక చేసే ఈ పనికి ఒక పూట పడుతుంది.

బోల్టులు, పిన్నులు, వత్తి దారాలు తీసేసి పలకలు విడదీయండి. హెయిర్ డ్రైయర్‌తో వేడి చేస్తూ కరిగిన మైనాన్ని పాత నూలు గుడ్డతో తుడవండి. ఎండాకాలమైతే మధ్యాహ్నం పూట పలకల్ని బోర్లించి, నల్ల గుడ్డ కప్పి ఎండలో పెడితే మైనం మెత్తబడుతుంది. మూలల్లో ఇరుక్కున్నదాన్ని వెదురు పుల్లతోనో ప్లాస్టిక్ స్కేలు ముక్కతోనో తీయాలి. చాకు, స్క్రూడ్రైవర్, బ్లేడు వద్దు. వాటి గీత పడినచోట ప్రతి కొవ్వొత్తి మీదా ఆ గీత అచ్చు పడుతుంది.

డై పూర్తిగా చల్లారాక, మిగిలిన జిడ్డుని మినరల్ టర్పెంటైన్ అంటించిన గుడ్డతో తుడవండి. డై వేడిగా ఉండగా టర్పెంటైన్ వాడకూడదు, దగ్గర్లో పొయ్యి ఉండకూడదు. తుడిచిన గుడ్డని ఉండచుట్టి పడేయకుండా బయట పరిచి ఆరనివ్వాలి. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్లు రెండు లీటర్లకి ఒక చెంచా గిన్నెల లిక్విడ్ కలిపి, మెత్తటి బ్రష్‌తో కడగండి. బిళ్ల సబ్బు కాదు, లిక్విడే. కుంకుడుకాయ రసం కూడా బాగా పనిచేస్తుంది, దానిది తేలికపాటి ఆమ్ల గుణం కాబట్టి ఆక్సైడ్ పొరకి ఇబ్బంది లేదు.

తెల్ల పొడి ఉన్న డైకి మాత్రమే తర్వాతి మెట్టు. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, లీటరు నీళ్లకి 20 గ్రాముల చొప్పున కలిపి, చెయ్యి పెట్టగలిగేంత వేడిలో, 45 డిగ్రీల దగ్గర, డైని 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. మధ్యలో నైలాన్ బ్రష్‌తో రుద్దండి. ఇది సున్నపు పొక్కునీ తీస్తుంది, నల్ల మరకనీ తేలిక చేస్తుంది. గంటల తరబడి నానబెట్టడం వల్ల ఇంకా శుభ్రం అవదు, లోహం మసకబారుతుంది. నిమ్మ ఉప్పు దొరక్కపోతే చింతపండు పులుసుతో చేయొచ్చు, అందులో టార్టారిక్ యాసిడ్ ఉంటుంది. కానీ రాగి చెంబు తోమినట్టు చింతపండులో ఉప్పు వేసి తోమకండి. ఉప్పూ పులుపూ కలిస్తే గుంటలకి దారి వేసినట్టే.

తర్వాత మామూలు నీళ్లతో కడిగి, చివరి రెండు విడతలు ఆర్వో నీళ్లతో కడగాలి. మామూలు నీటి చుక్క ఆరినచోట అందులోని ఉప్పు మిగిలిపోతుంది కాబట్టి చివరి నీళ్లే ముఖ్యం. వెంటనే గుడ్డతో అద్ది, వత్తి రంధ్రాల్లో డ్రైయర్ గాలి పట్టించి, చేతికి వేడి తగిలేదాకా ఆరబెట్టండి. గాడి ఆరినట్టు కనిపించినా రంధ్రంలో చుక్క ఉంటుంది.

గుంటలు పడిన డైని ఎక్కడిదాకా సరిచేయాలి అన్నది కొంత ఆలోచించి చేయాల్సిన పని. గోరుకి తగలని గుంటని వదిలేయండి. తగిలేదాన్ని 600 నంబర్ వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 1000, 1500 వరకు తీసుకెళ్లొచ్చు. పేపర్‌ని లిక్విడ్ పారఫిన్‌లో తడిపి, కొవ్వొత్తిని ఊడదీసే దిశలోనే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడే సన్నటి గీతల్లో మైనం పట్టుకుని, మీరు తీసేసిన గుంటకన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లోతు గుంటని పూర్తిగా చదును చేయాలని చూస్తే గాడి వెడల్పై, రెండు పలకలు కలిసేచోట మెట్టు వస్తుంది. పలకలు కలిసే ముఖాల్ని మాత్రం పేపర్‌తో ముట్టుకోవద్దు. స్టీల్ పీచు కూడా వద్దు, దాని నుంచి రాలిన ఇనుప రవ్వలు అల్యూమినియంలో గుచ్చుకుని, తడి తగలగానే ఒక్కొక్కటీ తుప్పు చుక్క అవుతుంది. బఫింగ్ మెషిన్ మీద చేయిస్తే, ఇనుము సానపట్టే చోట అల్యూమినియం రజను పోగవకుండా చూసుకోవాలి. ఆ రెండు ధూళులూ కలిసినచోట నిప్పురవ్వ పడితే చాలా ప్రమాదం.

మైనమే మందు

డైకి రక్షణ పూత ఏది వేయాలి అని అడిగేవాళ్లకి మా జవాబు ఒక్కటే, మీ దగ్గరున్న పారాఫిన్ మైనమే. కొబ్బరినూనె, వేరుశెనగ నూనె రాసి పెట్టే అలవాటు మంచిది కాదు. నెలలు గడిచేసరికి కొబ్బరినూనె కనరెక్కి ఆమ్లాలు వదులుతుంది, వేరుశెనగ నూనె జిగురులా గట్టిపడుతుంది. సిలికాన్ స్ప్రే తడిని ఆపుతుంది గానీ, తర్వాత పోసిన కొవ్వొత్తుల మీద కన్నుల్లాంటి మచ్చలు పెడుతుంది, వాటికి రంగు వేస్తే పట్టదు. మైనానికి ఇవేవీ లేవు. నీటిని దరిచేరనివ్వదు, పాడవదు, తర్వాతి సీజన్లో మొదటి పోతలోనే కరిగి కలిసిపోతుంది.

పూత వేసే మైనం కొత్తది, రంగు, సెంటు, స్టియరిక్ యాసిడ్ కలపనిది ఉండాలి. 58–60 డిగ్రీల దగ్గర కరిగే మామూలు రిఫైన్డ్ మైనం చాలు. శుభ్రం చేసి ఆరబెట్టిన డైని డ్రైయర్‌తో 65–70 డిగ్రీలకి తెచ్చి, మైనం బిళ్లని గాడి పొడవునా ఒకసారి లాగండి. అది తగలగానే కరిగి పారుతుంది. నూలు గుడ్డతో నలువైపులా పులిమి, డై ఇంకా వేడిగా ఉండగానే ఎక్కువైనది తుడిచేయండి. పలక చల్లారాక చూస్తే పూత కనబడీ కనబడనట్టు ఉండాలి, వేలు పెడితే జారాలి. ఒక నీటి చుక్క వేస్తే పరుచుకోకుండా ముత్యంలా నిలబడితే పూత సరిగా పడినట్టు. బయటి వైపు అంత శ్రమ అక్కర్లేదు, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ పలచగా రాస్తే చాలు.

కడిగిన రోజే ఈ పూత పడాలి. ఉదయం కడిగి రేపు చేద్దామంటే వానాకాలంలో ఆ రాత్రే తేమ పడుతుంది.

బ్యాటరీ నీళ్లతో మరిగించడం

తీరప్రాంతాల్లో ఉండేవాళ్లకి, ప్రతి ఏడాదీ గుంటలు పడుతున్నవాళ్లకి ఇంకో మెట్టు ఉంది. శుభ్రంగా ఉన్న అల్యూమినియాన్ని లవణాలు లేని నీళ్లలో మరిగిస్తే బోమైట్ అనే గట్టి పొర పెరుగుతుంది. సహజంగా ఉండే పొరకన్నా వందరెట్లకి పైగా మందం ఉంటుంది, అయినా ఒక మైక్రాన్ లోపే, కాబట్టి డై కొలత మారదు.

ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు దీనికి సరిపోతాయి. క్యాన్ మీద యాసిడ్ అని లేకుండా చూసుకుని కొనండి. స్టెయిన్‌లెస్ స్టీల్ గిన్నెలో, డై మునిగేంత నీళ్లు పోసి మరిగించి, నిమ్మ ఉప్పుతో కడిగి ఆర్వో నీళ్లతో జాడించిన పలకని నూలు దారంతో వేలాడదీసి అందులో దించండి. గిన్నె అడుగుకీ పక్కలకీ తగలకూడదు. మొదటి నిమిషాల్లో ఒంటి నిండా సన్నటి బుడగలు లేస్తాయి, పొర కడుతోందనడానికి అదే గుర్తు. కాసేపటికి బుడగలు తగ్గిపోతాయి. 20 నుంచి 30 నిమిషాలు ఉంచి తీస్తే దాని వేడికే ఆరిపోతుంది. లేత పాల రంగో, బంగారు ఛాయో కనిపిస్తే సరిగా వచ్చినట్టు. గోధుమరంగో నలుపో వస్తే నీళ్లు శుభ్రమైనవి కావు, లేదా డై మీద జిడ్డు మిగిలింది.

ఈ పొరకి సన్నటి రంధ్రాలు ఉంటాయి, అందుకని నీళ్లలోంచి తీసి ఆరిన వెంటనే వేడి మీదే మైనం పూత వేయాలి. మైనం ఆ రంధ్రాల్లోకి దిగి చాలాకాలం నిలుస్తుంది. పూత వేయకుండా నేరుగా పోత పోస్తే మొదటి కొవ్వొత్తులు అంటుకుపోతాయి. ఒక లోపం చెప్పాలి: అద్దం పాలిష్ ఉన్న డైకి మెరుపు కాస్త తగ్గుతుంది. నిగనిగలాడే కొవ్వొత్తులు అమ్ముకునేవాళ్లు ఈ పని చేయకండి.

విద్యుత్తుతో ఆక్సైడ్ పొరని మందంగా పెంచే అనొడైజింగ్ దీనికన్నా గట్టిది. కానీ అందులో వాడేది 15–20 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్, పైగా పని సాగుతున్నంతసేపూ హైడ్రోజన్ వస్తుంది. ఇంట్లో చేయాల్సిన పని కాదు. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో జాబ్‌వర్క్‌కి ఇవ్వొచ్చు. ఇచ్చేటప్పుడు రంగు లేకుండా 10–15 మైక్రాన్లు, సీలింగ్‌తో (పొరలోని రంధ్రాలు మూసి) అని చెప్పండి. పిన్నులు, బోల్టులు, హింజిలు అన్నీ తీసి ఇవ్వాలి, యాసిడ్ ఇనుమునీ ఇత్తడినీ తినేస్తుంది. పొర మందంలో దాదాపు మూడో వంతు బయటికి పెరుగుతుంది కాబట్టి బిగుతుగా దూరే పిన్ను రంధ్రాలు ఇంకా బిగుస్తాయి, వాటిని మూసి చేయమని ముందే అడగాలి.

అన్నిటికన్నా ముందు డై ఏ అల్యూమినియంతో చేసిందో తెలుసుకుంటే డబ్బు వృథా కాదు. దుకాణాల్లో హెచ్‌ఈ-30 అని పిలిచే 6082 రకం అల్యూమినియం కడ్డీలోంచి మెషినింగ్ చేసిన డై అనొడైజింగ్‌కి చక్కగా లొంగుతుంది. పోతపోసినవాటిలో ఎల్‌ఎం-6 రకం తుప్పుకి బాగా తట్టుకుంటుంది గానీ, అందులో సిలికాన్ 10 శాతం పైన ఉండడం వల్ల అనొడైజ్ చేస్తే బూడిదరంగుకి తిరుగుతుంది. ఎల్‌ఎం-24లో 3 నుంచి 4 శాతం రాగి ఉంటుంది, గుంటలు దానికే ఎక్కువ. పాత గిన్నెలు, ఇంజన్ ముక్కలు కలిపి కరిగించి పోసిన చవక డైలో ఏముందో ఎవరికీ తెలియదు. అలాంటిదాన్ని అనొడైజింగ్‌కి పంపకుండా మైనం పూతతోనే సరిపెట్టుకోండి.

దాచడం, మళ్లీ దించడం

డై దాచేటప్పుడు రెండు పలకల్నీ బిగించి పెట్టకండి. మధ్యలో సన్నటి తడిపొర చిక్కుకుంటే దానికి ఆరే దారి ఉండదు, కొన్నాళ్లకి ముఖాల మీద మ్యాపు గీసినట్టు బూడిదరంగు మరకలు తేలతాయి. పలకల్ని విడివిడిగా పాలిథీన్ కవర్లో పెట్టి, ఒక్కో కవర్లో 20 గ్రాముల సిలికా జెల్ సంచి వేసి, మూతి బిగించండి. రంగు మారే జెల్ అయితే ఎప్పుడు తీయాలో తెలుస్తుంది. తడిసిన జెల్‌ని 110–120 డిగ్రీల్లో రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. ఉప్పు మూటో, సున్నపు ముక్కలో పక్కన పెడితే తేమ పీల్చుతాయని ఎవరైనా చెబితే వినకండి, అవి రెండూ అల్యూమినియానికి పడనివే. న్యూస్‌పేపర్, అట్టపెట్టె తేమని పీల్చి డైకే అంటిస్తాయి. నేరుగా సిమెంటు గచ్చు మీద, సున్నం వేసిన గోడకి ఆనించి, యాసిడ్ సీసాలూ బ్లీచింగ్ పౌడరూ ఉండే అరలో పెట్టవద్దు. ఆ సీసాల మూతలు బిగించి ఉన్నా వాటి ఆవిరి చాలు.

సీజన్‌కి దించాక నేరుగా పోత పోయకుండా డైని డ్రైయర్‌తో వేడి చేసి, పలకలు కలిసే ముఖాల మీది మైనాన్ని శుభ్రంగా తుడవాలి. గాళ్లలోది ఉంచొచ్చు. ముఖాల మీద పూత మిగిలితే పలకలు ఒకదానికొకటి పూర్తిగా ఆనవు, ఆ సందులోకి మైనం చేరి ప్రతి కొవ్వొత్తికీ రెండు పక్కలా రెక్కలు వస్తాయి. బోల్టులకి కొత్త గ్రీజు రాసి, మొదటి రెండు పోతలు పాత మైనంతో పోసి చూడండి. అవి తీసినప్పుడు చార లేకుండా వస్తే మూడో పోత నుంచి అమ్మకానికి పోసుకోవచ్చు. చార ఒకే గాడిలో, ఒకేచోట పడుతుంటే అక్కడ వెనిగర్ చుక్క వేసి చూసి, ఆ గాడి ఒక్కదాన్నే నిమ్మ ఉప్పు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ మైనం పూయండి. డై మొత్తం మళ్లీ కడగాల్సిన పని లేదు.